లెక్క వేస్తే కొనలేరు

ఇంట్లో ఇప్పటికే ఓ డాక్ (డిజిటల్ పాటని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) ఉంది, ఆ సిగ్నల్‌కి బలమిచ్చే ఓ ఆంప్ ఉంది, వాటి వెనక పాముల్లా చుట్టుకుపోయిన కేబుళ్లున్నాయి. వాటికి తోడుగా ఒక ఖరీదైన హెడ్‌ఫోన్ కావాలి. సరిగ్గా ఇక్కడే కొందరు తెలిసీ తెలియక ఘోరమైన పొరపాటు చేస్తారు. కాగితం, పెన్ను తీసి లెక్క వేస్తారు. పది నిమిషాల్లో ఏది సరిపోతుందో, ఏది సరిపోదో తేలిపోతుంది. ఇక వాళ్లకు ఈ వ్యాపకంలో భవిష్యత్తు లేనట్టే. ఏళ్ల తరబడి కొని, అమ్మి, మళ్లీ కొని, "అన్నీ ఉన్నాయి గానీ ఏదో తక్కువైంది" అని నిట్టూర్చే భాగ్యాన్ని చేజేతులా పోగొట్టుకున్నవాళ్లు వాళ్లు. పాఠకులకు ఆ గతి పట్టకూడదనే ఈ నాలుగు మాటలు.

ముందు ఓమ్‌ల సంగతి, అంటే హెడ్‌ఫోన్ కరెంటుకి ఎంత అడ్డుపడుతుందో చెప్పే ఇంపెడెన్స్ కొలత. పెట్టె మీద పెద్ద అంకె కనిపిస్తే భయపడాలి, చిన్న అంకె కనిపిస్తే గుండె మీద చెయ్యేసుకోవాలి. ఇది ఆచారం. 300 ఓమ్‌లంటే రాక్షసి, 50 ఓమ్‌లంటే పిల్లికూన. ఈ నమ్మకాన్ని పాడుచేసే లెక్క కింద ఉంది, దయచేసి చదవకుండా దాటేయండి.

మిల్లీవాట్‌కు 97 డీబీ (డెసిబెల్లు, శబ్దం కొలత) ఇచ్చే 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌ని తీసుకుందాం. పాటలో డ్రమ్ము దెబ్బ పడే ఆ ఒక్క క్షణానికి 110 డీబీ అందాలనుకుంటే ఇంకో 13 డీబీ కావాలి, అంటే 20 మిల్లీవాట్లు. వోల్టుల్లో 2.45, కరెంటు 8 మిల్లీ ఆంపియర్లు. మామూలు ఆంప్‌కి ఇది ఓ పనే కాదు. ఇప్పుడు పిల్లికూన వైపు చూడండి. హైఫైమాన్ హెచ్‌ఈ-6 కి ఉన్నది 50 ఓమ్‌లే, కానీ మిల్లీవాట్‌కు ఇచ్చేది 83.5 డీబీ. అదే 110కి చేరాలంటే దాదాపు 450 మిల్లీవాట్లు, 4.7 వోల్టులు, 95 మిల్లీ ఆంపియర్లు పొయ్యాలి. రాక్షసి కన్నా పిల్లికూన ఇరవై రెండు రెట్లు ఎక్కువ మింగుతోంది! హెడ్‌ఫోన్ ఆంపులతో వేగలేక దాన్ని ఏకంగా స్పీకర్ల ఆంప్‌కి తగిలించుకున్నవాళ్లు ఉన్నారు. కాబట్టి ఎంత పవర్‌కి ఎంత శబ్దమో చెప్పే సెన్సిటివిటీ అనే గడి వైపు కన్నెత్తి చూడకండి. చూస్తే ఆంప్ మార్చాలో, హెడ్‌ఫోన్ మార్చాలో కొనకముందే తెలిసిపోతుంది.

ఈ విషయంలో తయారీదారుల సహకారం మరువలేనిది. ఒకరు సెన్సిటివిటీని మిల్లీవాట్‌కు చెబుతారు, ఇంకొకరు వోల్టుకు చెబుతారు. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌లోకి ఒక వోల్టు పంపితే 31 మిల్లీవాట్లు వెళ్తాయి, అంటే రెండు అంకెల మధ్య 15 డీబీ తేడా. 300 ఓమ్‌లకైతే ఆ తేడా 5 డీబీయే. వోల్టుకు 115 అన్నదీ మిల్లీవాట్‌కు 100 అన్నదీ 32 ఓమ్‌ల దగ్గర ఒకే సరుకు. అయినా రెండు పేజీలు పక్కపక్కన పెట్టుకుని, యూనిట్లు వదిలేసి అంకెలు మాత్రం పోల్చి, "ఇది చాలా సులువుగా మోగుతుందండీ" అని పక్కవాడికి సలహా ఇవ్వడంలో ఉన్న ఆనందమే వేరు.

ఇక ఆంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే సాకెట్ వెనక ఆంప్‌కి సొంతంగా ఉండే అడ్డు. తెలిసినవాళ్లు చెప్పే సూత్రం ఒకటుంది: హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో అది ఎనిమిదో వంతు మించకూడదు. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి 4 ఓమ్‌లు, 300కి 37. స్పెసిఫికేషన్లలో ఈ అంకె తరచూ కనబడదు, అదీ మన మంచికే. 1996 నాటి ఐఈసీ 61938 ప్రమాణమైతే సాకెట్‌కి ఏకంగా 120 ఓమ్‌లు రాసిపెట్టింది. పాత రిసీవర్లలో స్పీకర్ల అవుట్‌పుట్‌కి రెండు వందల నుంచి నాలుగైదు వందల ఓమ్‌ల రెసిస్టర్ వేసి, దాన్నే హెడ్‌ఫోన్ సాకెట్ అనేవాళ్లు.

దానివల్ల ఏమవుతుందంటే, హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకేలా ఉండదు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 పేరుకి 300 ఓమ్‌లదే అయినా బేస్‌లో 100 హెర్ట్జ్‌కి కాస్త ఇటుగా 500 దాటేస్తుంది. 120 ఓమ్‌ల ఆంప్‌కి తగిలిస్తే మిగతా చోట్ల 2.9 డీబీ తగ్గుతుంది, ఆ బేస్ దగ్గర 1.9 మాత్రమే తగ్గుతుంది. వెరసి బేస్ 1 డీబీ పైకి లేస్తుంది. చాలా ఓటీఎల్ (అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని) ట్యూబ్ ఆంపుల అవుట్‌పుట్ ఇంపెడెన్స్ వంద ఓమ్‌ల చుట్టూనే ఉంటుంది. ఎర్రగా వెలిగే గాజు బల్బుల ముందు కళ్లు మూసుకుని "ఆ వెచ్చదనం చూశారూ!" అని జనం పరవశించిపోయేదాంట్లో ఈ ఒక్క డీబీకి పెద్ద వాటాయే ఉంది. మిగతాది ట్యూబుల డిస్టార్షన్, ఇంకొంత చీకట్లో ఆ వెలుతురు.

అదే ఓటీఎల్‌కి హెచ్‌ఈ-6 లాంటి 50 ఓమ్‌ల ప్లానార్‌ని (పల్చటి పొర మీద తీగలు పరిచిన రకం హెడ్‌ఫోన్‌ని) తగిలిస్తే? ప్లానార్ ఇంపెడెన్స్ గీత గీసినట్టు సమంగా ఉంటుంది కాబట్టి టోన్ మారదు. కానీ అంత కరెంటు ఇవ్వడం దాని తరం కాదు, వాల్యూమ్ పెంచేకొద్దీ గొంతు బొంగురుపోతుంది. ఈ దశలో ఆంప్‌ని గాని హెడ్‌ఫోన్‌ని గాని అనకుండా "రికార్డింగ్ బాలేదు" అనడం మర్యాద. ఆడలేక మద్దెల ఓడు అన్నది మన సామెతే కదా.

చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ల దగ్గర ఈ లెక్క ఇంకా రసవత్తరం. నాలుగైదు బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్లు (శబ్దం పుట్టించే బుల్లి పరికరాలు) కుక్కిన వాటిలో ఇంపెడెన్స్ ఒకచోట 40 ఓమ్‌లుంటే ఇంకోచోట 5కి పడిపోవచ్చు. 10 ఓమ్‌ల సాకెట్‌కి పెడితే ఈ రెండు చోట్ల మధ్య ఏడున్నర డీబీ తేడా పుట్టుకొస్తుంది. డబ్బు పోసి కొన్న ట్యూనింగ్ వేరు, వినేది వేరు. పైగా ఆంప్‌ని హై గెయిన్‌లో (సిగ్నల్‌ని ఎక్కువ పెంచే స్థాయిలో) పెట్టుకుంటే వాల్యూమ్ నాబ్ కదిలీ కదలకముందే చెవులు గింగుర్లెత్తుతాయి. నాబ్ ఆ మొదట్లో ఉన్నప్పుడు దాని వెనకుండే చాలా పొటెన్షియోమీటర్లు ఒక చెవికి ఎక్కువ, ఇంకో చెవికి తక్కువ పెడతాయి. గాయకుడు ఎడమకి జరిగితే దానికి సౌండ్‌స్టేజ్ (శబ్దాలు ఎక్కడెక్కడి నుంచో వస్తున్నట్టనిపించే భ్రమ) అని పేరు పెట్టుకోవచ్చు.

ఎలక్ట్రోస్టాటిక్ (అధిక వోల్టేజీతో పల్చటి పొరని కదిలించే) హెడ్‌ఫోన్ల మీద మోజు పడ్డవాళ్లకు ఒకే మాట: ఉన్న సెట్‌కి తోడు అన్న ముచ్చట అక్కడితో సరి. స్టాక్స్ కంపెనీ వాళ్ల ప్రో బయాస్ (ఆ పొర మీద ఎప్పుడూ ఉండే వోల్టేజీ) 580 వోల్టులు, ప్లగ్గుకి పిన్నులు ఐదు, దాని ఎనర్జైజర్ (ప్రత్యేకమైన ఆంప్) దానికే ఉండాలి. నాడా దొరికిందని గుర్రం కొన్నట్టు, తర్వాత దానికి తగ్గ డాక్ కూడా కొంటారు. పాత సెట్ పక్క గదిలోకి పోతుంది.

ఒక్కో చెవికి ప్లస్, మైనస్ రెండింటినీ విడివిడిగా నడిపే బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ దగ్గర మాత్రం వెటకారం కాసేపు పక్కన పెట్టాలి, ఎందుకంటే ఇక్కడ ఆంప్ కాలిపోవచ్చు. బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌లో ఎడమ మైనస్, కుడి మైనస్ రెండూ గ్రౌండ్లు కావు. వాటి వెనక ఒక్కో ఆంప్ పని చేస్తుంటుంది. మామూలు 6.35 మిల్లీమీటర్ల ప్లగ్గులో ఆ రెండూ ఒకే స్లీవ్‌లో కలిసిపోయి ఉంటాయి. నాలుగు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ లేదా 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ ప్లగ్గు ఉన్న హెడ్‌ఫోన్‌ని అడాప్టర్‌తో 6.35 సాకెట్‌లో పెట్టుకోవడం క్షేమం. 6.35 ప్లగ్గున్న హెడ్‌ఫోన్‌ని అడాప్టర్‌తో బ్యాలెన్స్‌డ్ సాకెట్‌లో పెట్టడమంటే రెండు అవుట్‌పుట్లని షార్ట్ చేయడమే. ఈ రెండో రకం అడాప్టర్లు కూడా అమ్ముతున్నారు. కొనకండి. బ్యాలెన్స్‌డ్‌లో వోల్టేజీ రెట్టింపవుతుందన్నది నిజమే, అవుట్‌పుట్ ఇంపెడెన్స్ కూడా రెట్టింపవుతుందన్నదీ అంతే నిజం. ఉన్న సాకెట్‌లోనే నాబ్ సగం దగ్గర చెవులు నిండిపోతుంటే ఆ రెట్టింపుతో చేసుకునే పనేమీ లేదు.

మళ్లీ వెటకారానికొస్తే, వెండి కేబుల్. పాత కేబుల్‌లో అర ఓమ్ రెసిస్టెన్స్ ఉందనుకుందాం. 300 ఓమ్‌ల ముందు అది తినేది 0.014 డీబీ. అంత సూక్ష్మం వినగల చెవులున్నవాళ్లు ముందు పక్కింటి ఫ్యాను మీద ఫిర్యాదు చేయాలి. బర్న్-ఇన్ గురించి ఎక్కువ చెప్పను. 200 గంటలు మోగించాక బావుంటుందంటారు, రోజుకో గంట వింటే 200 రోజులు, వస్తువు వెనక్కిచ్చే గడువు అప్పటికి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. డ్రైవర్ (లోపల శబ్దం పుట్టించే భాగం) మెత్తబడినా మెత్తబడకపోయినా మనిషి మెత్తబడతాడు.

రెండు ఆంపుల్ని పోల్చేటప్పుడు వాల్యూమ్ సరిచూడటం అనే దురలవాటు కొందరికి ఉంది. వీళ్లు 300 హెర్ట్జ్ టోన్ పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే మల్టీమీటర్‌ని ఏసీలో ఉంచి, ప్లగ్గు దగ్గర వోల్టేజీ చూసి రెండో ఆంప్‌ని దానికి సమం చేస్తారు. ఒకటి 1.00, ఇంకోటి 1.12 అయితే తేడా 1 డీబీ. చెవికి అది ఎక్కువ శబ్దంలా తెలియదు, "ఎక్కువ డీటెయిల్"లా తెలుస్తుంది. సమం చేశాక, ఏది మోగుతోందో చూడకుండా వింటే, రాత్రంతా కూర్చుని రాసిపెట్టుకున్న వర్ణనలన్నీ ఆవిరైపోతాయి. అంత నష్టానికి సిద్ధపడేవాళ్లే ఆ పని చేయాలి.

ఈక్వలైజర్ సంగతి సరేసరి. షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ అనే పరిశోధకులు హార్మన్ అనే ఆడియో కంపెనీలో శ్రోతలకు వినిపించి చూసి, జనానికి ఎలాంటి టోన్ నచ్చుతుందో గీత గీసి పెట్టారు. ఆ గీతకి దగ్గరగా టోన్ దిద్దుకోవడానికి విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. బేస్‌ని 6 డీబీ పెంచితే అందులో ప్రీఆంప్ అనే మొత్తం స్థాయిని అంతే, మైనస్ 6కి దించాలి, లేకపోతే డ్రమ్ము పడ్డ చోటల్లా క్లిప్పింగ్ వస్తుంది, అంటే శబ్దం పగులుతుంది. చేసేదల్లా ఇంతే. అయినా పది అంకెలు టైపు చేసి సాధించేదాన్ని సంగీతానికి ద్రోహమనీ, అదే పని చేసే 120 ఓమ్‌ల ట్యూబ్ ఆంప్‌ని కళ అనీ అనడం రివాజు.

బరువు ఎవరూ అడగరు. ఆడెజీ ఎల్‌సీడీ-ఎక్స్ 612 గ్రాములు. దుకాణంలో పది నిమిషాలకు అది రాజసంగా ఉంటుంది, ఇంట్లో గంటన్నరకు నడినెత్తి మీద గుంట పడుతుంది. కళ్లజోడు ఉంటే దాని కాడ చెవి వెనక ప్యాడ్‌ని ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎత్తి పడుతుంది, ఆ సందులోంచి లోతైన బేస్ జారిపోతుంది. కప్పుని అరచేత్తో మెల్లిగా నొక్కి చూడండి. బేస్ ఒక్కసారిగా పెరిగితే కారిపోతోందన్నమాట. దానికి కొత్త డాక్ కొనడం మామూలుగా జరిగే చికిత్స.

చివరగా, పాత హెడ్‌ఫోన్‌ని అమ్మే ముందు దాని ప్యాడ్ ఒకటి ఊడదీసి పక్కనుంచి చూడకండి. కొత్తప్పుడు బుగ్గలా ఉన్న స్పాంజి వేలెడు మందం నుంచి అప్పచ్చిలా అణిగిపోయి, చెవి దాదాపు డ్రైవర్‌కి ఆనుకునే దూరంలో ఉంటుంది. టోన్ మారిందంటే అందుకే. కొత్త జత ప్యాడ్లు పట్ పట్ మని నొక్కి బిగించడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల తర్వాత కొత్తది కొనడానికి ఇంట్లోవాళ్లకు చెప్పుకునే కారణం ఒక్కటీ మిగలదు.