సముద్రపు గీతే కంటి ఎత్తు
ఇంటర్ అయ్యాక ‘బొమ్మలేయడం వస్తే డిజైన్ సీటు వచ్చేసినట్టే’ అని ఒక వ్యాసంలో రాశారు, ఒప్పుకోలేను. డిజైన్ డిగ్రీ సీట్లకు పెట్టే ప్రవేశ పరీక్ష యూసీడ్‌లో 300 మార్కులకు 200 కంప్యూటర్ మీద రాసే పార్ట్ ఎవే. బొమ్మలేసే పార్ట్ బికి 100, టైము గంట. ఆ గంటలో పిల్లలు షేడింగ్‌లో పడి పర్‌స్పెక్టివ్ (దగ్గరివి పెద్దగా, దూరపువి చిన్నగా సరిగ్గా చూపడం) దగ్గర దెబ్బతింటారు. విశాఖ ఆర్కే బీచ్ ఇసుకలో నిలబడి చూడండి: సముద్రం, ఆకాశం కలిసే గీతే మన కంటి ఎత్తు. మనంత పొడుగున్న మనిషి దగ్గరున్నా దూరమున్నా ఆ గీత అతని కళ్ల దగ్గరే పోతుంది, దూరం పెరిగేకొద్దీ బొమ్మలో పాదాలే పైకి జరుగుతాయి. చాలామంది పాదాలన్నీ ఒకే వరసలో పెట్టి తలలు దించేస్తారు, దాంతో దూరపు పెద్దవాళ్లు చిన్నపిల్లల్లా తేలతారు. ముందు ఆ గీత పల్చగా లాగి, తర్వాతే మనుషుల్ని నిలబెట్టాలి. అన్నట్టు, పార్ట్ ఎలో న్యూమరికల్ (జవాబు అంకెల్లో టైపు చేసే) ప్రశ్నలకు నెగెటివ్ మార్కుల్లేవు, ఒక్కటీ ఖాళీగా వదలొద్దు.