ఈ నాణేల అచ్చుల పరిశోధనను తక్షణం నిషేధించాలి

ప్రభుత్వాలు ఎన్నో హానికరమైన వ్యాపకాలను నిషేధించాయి. ఒకదాన్ని మాత్రం ఏ ప్రభుత్వమూ పట్టించుకోలేదు. రోమన్ సామ్రాజ్యపు తూర్పు నగరాలు సొంతంగా వేసుకున్న కంచు నాణేలను పక్కపక్కన పెట్టుకుని, అవి ఒకే అచ్చు నుంచి పుట్టాయా లేదా అని భూతద్దంతో తేల్చే పని అది. పైకి సాధువులు చేసే పనిలాగే కనిపిస్తుంది. లోపల మాత్రం ఊళ్ల పరువు తీస్తుంది, వ్యాపారుల నోటి దగ్గర కూడు లాగేస్తుంది, చివరికి రాజాజ్ఞనే ధిక్కరిస్తుంది. నేను ఆధారాలతోనే మాట్లాడుతున్నాను.

ముందు నేరం జరిగే తీరు చూద్దాం. కింద దిమ్మెలో బిగించిన అచ్చు మీద సాధారణంగా చక్రవర్తి తల ఉంటుంది. అది బొమ్మ. పైన చేత్తో పట్టుకునే అచ్చు మీద ఊరి దేవతో, గుడో ఉంటుంది. అది బొరుసు. రెంటి మధ్య లోహపు బిళ్ల పెట్టి సుత్తితో ఒక్కటి వేస్తారు. దెబ్బ నేరుగా తినేది పై అచ్చు కాబట్టి అదే ముందు పాడవుతుంది. దెబ్బలు స్థానికులకు, భద్రత చక్రవర్తికి. ఇందులో ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు. పాడైన బొరుసు స్థానంలో కొత్తది వస్తుంది, బొమ్మ మాత్రం పాతదే ఉంటుంది. కొన్నాళ్లకు బొమ్మ మారుతుంది, బొరుసు మిగులుతుంది. ఇలా ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నాణేలన్నీ ఒక గొలుసులో దొరికిపోతాయి.

అచ్చులు చేత్తో చెక్కినవి కనుక ఏ రెండూ సరిగ్గా ఒకేలా ఉండవు. ఈ పరిశోధకులకు చక్రవర్తి మొహంతో పని లేదు. తల వెనక ముడి వేసిన రిబ్బను కొస ఏ అక్షరం వైపు చూస్తోంది? నెత్తిమీది ఆకుల దండ కొన రెండు అక్షరాల సందులోకి దూరిందా, పక్క అక్షరాన్ని తాకిందా? చెవి పక్కన మొదలైన వెంట్రుకంత పగులు ఒక నాణెం మీద చెంప దగ్గర ఆగి, ఇంకో నాణెం మీద ముక్కు దాకా పాకిందంటే, మొదటిది ముందు కొట్టినది, రెండోది తర్వాతది అని తీర్పు చెప్పేస్తారు. ప్రపంచాన్ని ఏలిన మనిషి చెంప మీద వీరికి కనిపించేది పగులు ఒక్కటే.

ఇక ఊళ్ల పరువు సంగతి. రోమన్ల ఆసియా రాష్ట్రంలో (ఇప్పటి పశ్చిమ టర్కీ) ప్రథమ నగరం ఎఫెసస్. స్మిర్నా కూడా ప్రథమమే. పైగా అందంలోనూ పరిమాణంలోనూ ప్రథమమని నాణెం మీదే చెక్కించుకుంది. పెర్గమాన్ సైతం ప్రథమమే. చక్రవర్తి ఆలయానికి సంరక్షక నగరం అనే బిరుదును ఎవరు ఎన్నిసార్లు పొందారో లెక్క కట్టి మరీ వేసుకునేవారు. ఎలగబాలస్ కాలంలో ఎఫెసస్ వారు ‘అందరిలోకీ మేమొక్కరమే నాలుగుసార్లు’ అని ప్రకటించుకున్నారు. క్రీ.శ. 222లో ఆ చక్రవర్తిని చంపేశాక నాలుగోది ఊడి మళ్లీ మూడుకు దిగారు. అంతకు నూరేళ్లకు పైగా ముందే, నికోమీడియా, నికేయా నగరాలు ఇలాంటి బిరుదుల కోసమే జుట్లు పట్టుకుంటుంటే, మిమ్మల్ని చూసి రోమన్లు నవ్వుకుంటున్నారని డియో క్రిసోస్టమ్ అనే వక్త నికోమీడియా వారి మొహం మీదే చెప్పాడు. విన్నట్టు లేరు.

ఇంత ఘనమైన వాతావరణంలోకి అచ్చులు పోల్చేవారు అడుగు పెట్టారు. 1972లో వెలువడిన కొన్రాడ్ క్రాఫ్ట్ అనే జర్మన్ పండితుడి పరిశోధన, ఆసియా మైనర్‌లో ఎన్నో నగరాల నాణేల మీద చక్రవర్తి తల ఒకే అచ్చు నుంచి వచ్చిందని చూపించింది. ఊరు వేరు, దేవత వేరు, బిరుదు వేరు, తల మాత్రం ఒకటే. ఒకే పనివారు పలు ఊళ్లకు నాణేలు చేసి పెట్టారన్నమాట. మన కూడళ్లలో కట్టే ఫ్లెక్సీలు గుర్తుకు రావడం లేదూ? పైన నాయకుడి ఫొటో అదే, కింద శుభాకాంక్షలు చెప్పే స్థానిక ప్రముఖుల పేర్లు మాత్రం వీధికొకటి. ఈ నాణేల బొరుసు మీద కూడా స్థానిక అధికారి పేరు తరచుగా ఉంటుంది. అచ్చులు తిరిగాయా, చెక్కేవారు తిరిగారా, పని అంతా ఒకే చోట జరిగిందా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. వాదన ఎటు తేలినా ఊరి పరువు వెనక్కి రాదు.

తర్వాత బాధితులు పాత నాణేల వ్యాపారులు. ‘లోకంలో ఇదొక్కటే’ అన్న మాటకు వేలంలో పలికే ధర వేరు. అలాంటి నాణెం చేతికి రాగానే పరిశోధకుడు రిబ్బను కొస చూసి, దీని తోబుట్టువులు ఫలానా మ్యూజియంలో ఉన్నాయంటాడు. అచ్చు ఒకటే అయితే ఫరవాలేదు, అదీ గౌరవమే. అచ్చుతోపాటు గీత, సొట్ట, అంచు చీలిక కూడా ఒకటే అయితే మాత్రం పోత పోసిన నకిలీ అని తేలిపోతుంది. కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ (1772–1830) లాంటి కళాకారుడు స్వయంగా అచ్చులు చెక్కి ప్రాచీన నాణేలు సృష్టించాడు. కొత్త మెరుపు పోయేలా వాటిని ఇనుప రజనుతో పెట్టెలో వేసి, బండికి కట్టి షికారు తిప్పేవాడని చెబుతారు. అంత శ్రమజీవి పనితనాన్ని కూడా వీరు అచ్చుల పట్టీ రాసి రచ్చకెక్కించారు. కష్టానికి విలువ లేదు.

అచ్చుల సంఖ్యను బట్టి ఎన్ని నాణేలు కొట్టారో లెక్కకట్టే శాఖ ఒకటుంది. అచ్చుకు ఎన్ని నాణేలన్నది ఎవరికి వారు ఊహించుకున్న అంకె కాబట్టి, దాన్ని నిషేధించాల్సిన అవసరం నాకు కనబడలేదు.

మన తెలుగు నేలకు ఈ ఊరి నాణేల బెడద లేదు. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలోనూ, నాగార్జునకొండలోనూ బయటపడినవి రోమన్ సామ్రాజ్యపు వెండి, బంగారు నాణేలు. ఊరి చిల్లర కంచును సముద్రం దాటి రానివ్వడానికి మనవాళ్లేమీ అమాయకులు కారు. నూలు బట్టలకు విలువైన లోహమే అడిగారు.

అన్నిటికన్నా ఘోరమైనది రాజద్రోహం. క్రీ.శ. 211లో చక్రవర్తి కారకల్లా తన తమ్ముడు గెటాను చంపించి, అతని పేరూ రూపమూ లోకంలో మిగలకూడదని ఉత్తర్వు ఇచ్చాడు. కేరియా ప్రాంతంలోని స్ట్రటోనికేయా వారు విధేయులు. అన్నదమ్ములు ఎదురెదురుగా ఉన్న పెద్ద కంచు నాణేల మీద గెటా తలను ఉలితో చెక్కేశారు. ఇప్పుడు అచ్చులు పోల్చేవారు ఏం చేస్తారు? ఉలికి చిక్కకుండా తప్పించుకున్న నాణెం అదే అచ్చుది ఒక్కటి దొరికితే చాలు, చెక్కేసిన ప్రతి నాణెం పక్కనా ఆ ఫొటో పెట్టి తమ్ముడి మొహం మళ్లీ అతికించేస్తారు. కారకల్లా ఉత్తర్వును రద్దు చేస్తూ మరో ఉత్తర్వు వెలువడిన దాఖలా ఎక్కడా కనబడదు.