ముసలమ్మ నాలుగు వేలు ఆపితే మనవడికి ఉద్యోగం వస్తుందా?

రెండు వారాలుగా మా చుట్టాల గ్రూపులో, పాత క్లాస్‌మేట్ల గ్రూపులో, ఆఖరికి మా అపార్ట్‌మెంట్ నీళ్ల ట్యాంకర్ గ్రూపులో కూడా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. చూడనివాళ్ల కోసం సారాంశం: "ఆంధ్రప్రదేశ్‌లో పని చేయనివాళ్లను కూర్చోబెట్టి 4,000 ఇస్తున్నారు. కంపెనీలో ఏళ్ల తరబడి చెమటోడ్చినవాడికి 1,000. ఆ డబ్బు కూడా కేంద్రానిదే, పేరు రాష్ట్రానిది. కార్లున్నవాళ్లు కూడా తీసుకుంటున్నారు. ఈ పెన్షన్లు ఆపితే నిరుద్యోగులందరికీ ఉద్యోగాలివ్వొచ్చు. అప్పటిదాకా కేంద్రం యువతకు నెలకు 3,500 భృతి ఇస్తోంది, కింది లింకులో నమోదు చేసుకోండి." చివర షరా మామూలే, నిజమైన పౌరులైతే పదిమందికి పంపాలట.

పంపినవాళ్లలో నేను గౌరవించే పెద్దలున్నారు. లేకపోతే నవ్వేసి ఊరుకునేవాణ్ణి. పైగా ఇందులో ఒక ముక్క అక్షరాలా నిజం. దాన్ని చూపించే మిగతా సరుకంతా అమ్మేస్తున్నారు.

"డబ్బు కేంద్రానిది"

తేలికైనది ముందు తేల్చేద్దాం. పేదలకిచ్చే పింఛన్లలో కేంద్రం వాటా జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం ద్వారా వస్తుంది. 1995 ఆగస్టు 15న మొదలైన పథకమిది. దీని కింద 60 నుంచి 79 ఏళ్లవాళ్లకు కేంద్రం ఇచ్చేది నెలకు 200 రూపాయలు. 80 నిండితే 500. వితంతువులకు, తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లకు 300. అదీ దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకే. ఆ 200 దాదాపు ఇరవై ఏళ్లుగా 200 దగ్గరే కూర్చుంది.

2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఈ కార్యక్రమానికి దేశం మొత్తానికీ పెట్టింది 9,652 కోట్లు. ఆంధ్రప్రదేశ్‌లో అరవై లక్షల పైచిలుకు మందికి ఎన్టీఆర్ భరోసా అనే రాష్ట్ర పింఛను పథకం కింద నెలనెలా పంచేది సుమారు 2,700 కోట్లు. అంటే కేంద్రం దేశమంతటికీ ఏడాదికి పెట్టే సొమ్మును ఈ ఒక్క రాష్ట్రం నాలుగో నెల గడవకముందే దాటేస్తుంది. డబ్బెవరిదో ఇంకా చెప్పాలా?

ఇది ఏదో ఒక పార్టీ ఘనత అనుకోకండి. రాష్ట్ర పింఛను 200 ఉన్నది 2014లో 1,000 అయింది, 2019 ఎన్నికల ముందు 2,000 అయింది. ప్రభుత్వం మారాక 2,250తో మొదలై 2024 జనవరికి 3,000కు చేరింది. మళ్లీ ప్రభుత్వం మారాక 4,000. ఏ ఎన్నికల్లోనైనా సరే, తగ్గిస్తానన్న మొనగాడు ఎవడూ కనపడలేదు.

"పని చేయనివాళ్లు"

నాకు కోపం తెప్పించిన మాట ఇదే.

మా మేనత్తది దివిసీమ. ఊహ తెలిసినప్పటి నుంచి నాట్లు, కలుపు, కోతలు. ఒకటో తారీఖు పొద్దున్నే గ్రామ సచివాలయం అమ్మాయి గుమ్మంలోకి వచ్చి వేలిముద్ర యంత్రం ముందు పెడుతుంది. మొన్న నేనక్కడే ఉన్నాను. బొటనవేలు పెట్టింది, తీసుకోలేదు. చూపుడువేలు, తీసుకోలేదు. అత్త చీర కొంగుతో తుడుచుకుని, అరచేయి తడి చేసుకుని, రెండు చేతుల వేళ్లూ వరసగా పెట్టి చూసింది. గీతలుంటే కదా పడటానికి! చివరికి ఆ అమ్మాయే ఫోన్లో ముఖం చూపించి పని కానిచ్చింది. ఎనిమిది ఐదువందల నోట్లు. అత్త రెండుసార్లు లెక్కపెట్టుకుంది. పని చేయనిదాని వేళ్లు అలా ఉండవండీ, మహాప్రభో.

అసలు ఆ జాబితాలో ఎవరున్నారో చూశారా? వృద్ధులు, వితంతువులు, దివ్యాంగులు, డయాలసిస్ రోగులు. యాభై దాటిన చేనేత కార్మికులు, గీత కార్మికులు, మత్స్యకారులు. నలభై దాటిన చెప్పులు కుట్టేవాళ్లు. డప్పు కళాకారులు. మగ్గం గుంటలో ముప్పై ఏళ్లు కాళ్లాడించినవాడికి యాభైకే మోకాళ్లు పోతాయి, అందుకే వాళ్లకు వయసు తగ్గించారు. మెసేజ్ రాసినాయనకు అరవై ఏళ్ల వరకు ఏసీ గది ఉండి ఉంటుంది, పాపం తెలియదు.

"కంపెనీలో చేసినవాడికి 1,000"

ఇదే ఆ నిజమైన ముక్క. ఈపీఎఫ్ కింద వచ్చే ఉద్యోగుల పెన్షన్ పథకంలో, అంటే ఈపీఎస్-95లో, కనీస పెన్షన్ 2014 సెప్టెంబరులో 1,000గా పెట్టారు. పెంచమని పెన్షనర్లు ఢిల్లీ దాకా వెళ్లి ధర్నాలు చేశారు. వాళ్ల బాధలో ఒక్క అబద్ధం లేదు.

కానీ ఆ వెయ్యి ఎందుకు వెయ్యిగా ఉందో చూడాలి. లెక్క ఇది: పెన్షన్‌కు పరిగణించే జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించి 70తో భాగిస్తారు. ఆ జీతానికి గరిష్ఠ పరిమితి 15,000. పూర్తి 15,000 మీద 15 ఏళ్ల సర్వీసు ఉన్నా వచ్చేది 3,214. చేతికి నలభై వేలు తీసుకున్నవాడికైనా, పెన్షన్ నిధికి చందా పరిమితి మేరకే వెళ్లి ఉంటే ఇదే లెక్క. 2014 సెప్టెంబరుకు ముందు ఆ పరిమితి 6,500, కాబట్టి పాతవాళ్ల సంగతి ఇంకా ఘోరం. సూత్రం ఢిల్లీది, పరిమితి ఢిల్లీది, కనీస మొత్తం నిర్ణయించేదీ ఢిల్లీయే. మా అత్త నాలుగు వేలు రేపు ఆపేసినా, ఈపీఎస్ పెన్షనరు వెయ్యి వెయ్యిన్నూరు కూడా అవదు. పక్కింటి కంచంలో చూడటం మానేసి ఆ 70తో భాగించేవాళ్లను అడగాలి కదా. అడగటం కష్టం, ఫార్వర్డ్ చేయడం సులువు.

"కార్లున్నవాళ్లు కూడా"

అనర్హులు లేరని నేననను. ఉంటారు. ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరి పేర్లు ఊరంతటికీ తెలుసు. కానీ నియమమే లేనట్టు రాయడం అన్యాయం. 2019 చివర్లో వచ్చిన ఉత్తర్వుల్లోనే వడపోత ఉంది: కుటుంబ ఆదాయం పల్లెల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 దాటకూడదు. మాగాణి మూడెకరాల లోపు, మెట్ట పదెకరాల లోపు ఉండాలి. సొంత నాలుగు చక్రాల బండి ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు. కరెంటు నెలకు 300 యూనిట్లు మించకూడదు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి గానీ ఆదాయపు పన్ను కట్టేవాళ్లు గానీ ఉండకూడదు.

వడపోత బిగిస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2025లో సదరం సర్టిఫికెట్లు, అంటే వైకల్యం ఎంతో చెప్పే డాక్టర్ల పత్రాలు, మళ్లీ పరీక్షిస్తే నకిలీలు బయటపడ్డాయన్నారు. అదే జల్లెడలో నిజమైన దివ్యాంగులకూ నోటీసులు వెళ్లాయని గొడవ అయింది. దొంగను పట్టడానికి మంచం దిగలేనివాణ్ణి ఆసుపత్రి క్యూలో నిలబెట్టడం ఎంత తేలికో ఆఫీసు బల్ల దగ్గర కూర్చుంటే తెలియదు.

"ఆపితే ఉద్యోగాలు"

డబ్బు చిన్నదేమీ కాదు, ఒప్పుకుంటాను. ఏడాదికి 30 వేల కోట్ల పైమాటే. 2025-26లో 3.22 లక్షల కోట్లున్న రాష్ట్ర బడ్జెట్‌లో దాదాపు పదో వంతు. రోడ్లకో, కాలువలకో ఇంకొంచెం పెట్టాలన్న వాదన ఎవరైనా చేస్తే కూర్చుని మాట్లాడుకుందాం.

అయితే ఉద్యోగాలు ఆగింది పింఛన్ల వల్లేనా? 2019నే తీసుకోండి. ఆ ఏడాదే పింఛను పెరిగింది, వృద్ధుల అర్హత వయసు 65 నుంచి 60కి తగ్గింది. అదే ఏడాది గ్రామ, వార్డు సచివాలయాల్లో లక్షా ఇరవై వేలకు పైగా పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. రెండూ ఒకే ఖజానా నుంచి. ఇందులో వింతేమిటంటే, 2024 జులై 1 నుంచి ఇంటింటికీ తిరిగి పింఛను పంచుతున్నది ఆ సచివాలయం ఉద్యోగులే. అత్త వేళ్లు పట్టుకుని కుస్తీ పట్టిన అమ్మాయి ఆ బ్యాచే.

మరోవైపు టీచర్ పోస్టులు చూడండి. 2018 తర్వాత రెగ్యులర్ డీఎస్సీ కోసం పిల్లలు ఏళ్లకేళ్లు కోచింగ్ గదుల్లో కాచుక్కూర్చున్నారు. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులతో వచ్చింది, రద్దయింది. 2025 ఏప్రిల్‌లో 16,347తో మళ్లీ వచ్చింది. రద్దు చేసిందీ, మళ్లీ ఇచ్చిందీ ప్రభుత్వాలే. మధ్యలో ముసలమ్మ ఏం చేసింది?

ఆమె చేసిందేమిటో నేను చెప్తాను. మా అత్త మనవడు డిగ్రీ అయ్యి పరీక్షలు రాస్తున్నాడు. వాడి దరఖాస్తు ఫీజు, బస్సు చార్జీ, పరీక్ష ముందురోజు లాడ్జి, అన్నీ ఆ ఎనిమిది నోట్లలోంచే. బీపీ మాత్రలు పోను మిగిలింది వాడిదే. ఈ మెసేజ్ పోటీ పెట్టిన ఇద్దరూ ఒకే కంచంలో తింటున్నారు.

నిరుద్యోగుల కోసం నిజంగా కడుపు మండితే అడగాల్సింది వేరే ఉంది. 2018 అక్టోబరు 2న యువనేస్తం పేరుతో 22 నుంచి 35 ఏళ్ల చదువుకున్నవాళ్లకు నెలకు 1,000 భృతి మొదలైంది, మరుసటేడు 2,000 చేశారు. ప్రభుత్వం మారింది, పథకం పోయింది. 2024 ఎన్నికల్లో 20 లక్షల ఉద్యోగాలు, లేదంటే నెలకు 3,000 భృతి అన్నారు. తెలంగాణలో 2018లో 3,016 అన్న మాట చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. పింఛను పెంచిన ప్రతివాడికీ తెలుసు, ముసలివాళ్లు తప్పకుండా ఓటేస్తారని. పిల్లలు హాస్టల్లో ఉండిపోతారు.

"3,500 లింకు"

ప్రధానమంత్రి బేరోజ్‌గారీ భత్తా యోజన అనే పేరుతో 3,500 అని ఒకసారి, 6,000 అని ఇంకోసారి ఇది తిరిగింది. అలాంటి పథకమేదీ లేదని కేంద్రం సొంత నిజనిర్ధారణ విభాగం, పీఐబీ ఫ్యాక్ట్ చెక్, చెప్పింది. ఉద్యోగం పోయినవాళ్లకు కేంద్రం వైపు నుంచి నిజంగా ఉన్నది ఈఎస్ఐలోని అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. ఈఎస్ఐ చందా కట్టి ఉన్నవాళ్లకు సగటు రోజు కూలిలో సగం చొప్పున, జీవితంలో ఒక్కసారి, 90 రోజుల వరకు. ఇంకా ఉద్యోగమే రానివాడికి అది వర్తించదు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకుంటే కార్డు ఇస్తారు, డబ్బులివ్వరు.

మా అత్త మనవడు ఈ లింకు తెరిచి ఆధార్ నంబరు సగం కొట్టేశాడు. ఓటీపీ అడిగేసరికి అనుమానం వచ్చి నాకు ఫోన్ చేశాడు. మీ ఇంట్లో ఎవరైనా అప్పటికే ఓటీపీ చెప్పేసి ఉంటే ముందు బ్యాంకుకు ఫోన్ చేయండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. గ్రూపులో ఆ మెసేజ్ పెట్టినవాళ్లు ఇంకా తీసేయలేదు. బాబాయ్, మిమ్మల్నే అంటున్నాను.