వాడపల్లి దాటిపోతున్న యూరియా

2025 వానాకాలంలో యూరియా కోసం చీకట్లోనే లేచి చెప్పులు, పాసుబుక్కులు లైన్లో పెట్టి కూర్చున్న ముచ్చట మిర్యాలగూడలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా ఎవరికీ గుర్తుచేయక్కర్లేదు. అప్పుడు అందరం కొరత గురించే కొట్లాడుకున్నాం. ఎన్ని లారీలొచ్చాయి, ఎవరు దాచారు, తప్పు కేంద్రానిదా రాష్ట్రానిదా అని. అంత గోస పడి తెచ్చిన బస్తాలో సగానికి పైగా మన వరికి అందనే అందదన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

లెక్క చూడండి. 45 కిలోల బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైచిలుకు. నీళ్లు నిలిచిన మడిలో చల్లితే పైరు తీసుకునేది మామూలుగా అందులో 30, 40 శాతం. మిగతాది కొంత గాలిలో కలుస్తుంది, కొంత నేలలోకి దిగి బోరు నీళ్లలో నైట్రేట్‌గా తేలుతుంది, చల్లిన మర్నాడే గట్టి వాన పడి ఒడ్డు తెగిందా, ఇక కాలువ పాలే. కాలువ నుంచి వాగు, వాగు నుంచి మూసీ, వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో, హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో.

నల్లగొండోళ్లకు సముద్రంతో ఏం పని అనిపిస్తుంది. కానీ అక్కడ ఆ నత్రజని, భాస్వరం తిని నాచు ఒక్కసారిగా పెరిగి, చచ్చి, కుళ్లేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్ అంతా హరించుకుపోతుంది. చేపైతే ఈదుకుంటూ తప్పించుకుంటుంది, అడుగున ఉండే జీవాలు అక్కడే చస్తాయి. మిసిసిపి నది మోసుకొచ్చే ఎరువులతో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఏటా ఎండాకాలం జరిగేది ఇదే. బంగాళాఖాతం ఇంకా సున్నితం. నదుల మంచినీళ్లు పైన పొరలా పరుచుకోవడంతో కింది నీళ్లతో కలవడం తక్కువ, మధ్య లోతుల్లో ఆక్సిజన్ దాదాపు అడుగంటిందని 2016లోనే శాస్త్రవేత్తలు చెప్పారు. అది చాలావరకు ప్రకృతి చేసిన పనే, మన మిర్యాలగూడ వరిమళ్ల పని కాదు. కానీ ఇప్పటికే అంచున ఉన్నదాని మీదికి ఇంకా తోయడం ఎందుకు?

అసలు పాపం హైదరాబాద్ మురుగుది, రైతు మీద పడతారేంటి అంటారు కొందరు. నిజమే, మూసీని చంపింది నగరమే. అయితే ఆ మురుగులోనూ నత్రజని దండిగా ఉంటుంది. ఆ నీళ్లు పారే పొలాల్లో దాన్ని లెక్కగట్టి 'నీకు ఒక బస్తా తక్కువ వేసినా చాలు' అని రైతుకు చెప్పే నాథుడేడీ?

రైతును తిట్టడం దండగ, తిట్టాల్సింది ధరను. 2010లో ఎరువులోని పోషకాన్ని బట్టి సబ్సిడీ అని కొత్త విధానం తెచ్చి యూరియాను మాత్రం అందులోంచి తప్పించి, దాని ధరను ప్రభుత్వం చేతిలోనే ఉంచుకున్నారు. ఇవాళ యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు, భాస్వరం కూడా ఇచ్చే డీఏపీ 1,350. కిలో నత్రజని 13 రూపాయలకు వస్తుంటే చేతిలో పైసల్లేనోడు ఏది ఎక్కువ చల్లుతాడు? పైరు పచ్చగా కనిపిస్తే మనసు కూడా ఊరుకోదు, పక్కోడి పొలం ఇంకా పచ్చగుంటే మరీను. ఆ పచ్చదనం వెంటే పైరు రసం పీల్చే సుడిదోమ, అగ్గితెగులు వస్తాయి, మళ్లీ మందులు, మళ్లీ అప్పు. 2015 నుంచి నత్రజని మెల్లగా వదిలేలా యూరియాకు వేపపూత పూసినా, ఏ పొలానికి ఎంత ఎరువు చాలో చెప్పే భూసార కార్డులు పంచినా ధర చెప్పే మాట ముందు అవి నిలబడలేదు.

నన్నడిగితే దీనికి మందు మన ఊళ్లోనే ఉంది: చెరువు. గొలుసుకట్టు చెరువులను మనం నీళ్ల లెక్కలోనే చూస్తాం గానీ, అవి పొలం నుంచి కొట్టుకుపోయిన బలాన్ని పట్టుకునే వలలు కూడా. ఒక చెరువు అలుగు పోస్తే కింది చెరువు పట్టుకునేది, ఆ మన్ను ఎండాకాలంలో బండ్లమీద తిరిగి పొలానికే చేరేది. ఎర్ర చెల్కల్లో చెరువు మన్ను పోసిన ఏడు పంట ఎట్లా లేస్తుందో మా దిక్కు ముసలోళ్లను అడగండి. 2015లో కేసీఆర్ ప్రభుత్వం మొదలుపెట్టిన చెరువుల బాగుచేత పథకం మిషన్ కాకతీయ 46 వేల చెరువుల మాట చెప్పింది, పూడిక మట్టిని పొలాలకు తోలుకొమ్మంది. ఆ ప్రభుత్వంతో నాకు వంద పేచీలున్నాయి గానీ ఈ ఒక్క పని మాత్రం మెచ్చుకోవాలి. బాధేమిటంటే అది ఏటా చేయాల్సిన సేద్యం పని అనుకోలేదు, పథకం అనుకున్నారు. పథకం పోయింది, మన్ను ఇటుక బట్టీలకు పోతోంది, చాలా చెరువులు గుర్రపుడెక్కతో నిండుతున్నాయి. ఆ డెక్క అంతలా బలిసేది దేన్ని తిని? పొలాల నుంచి, ఇళ్ల మోరీల నుంచి వచ్చి పడేదాన్నే కదా.

బస్తా మీద పెట్టే సబ్సిడీలో కాస్త తీసి చెరువు మన్ను తోలే ట్రాక్టర్ ట్రిప్పుకు ఇవ్వండి, తొలకరికి ముందు నేలలో కలియదున్నే పచ్చిరొట్ట పైర్లు జీలుగ, జనుము విత్తనం ఊళ్లోనే దొరికేలా చూడండి. ఎండాకాలంలో చాలా చెరువులు ఎట్లాగూ ఎండే ఉంటాయి, కోతలయ్యాక ట్రాక్టర్లూ ఖాళీగానే ఉంటాయి.