తెల్ల చుక్క ఎక్కడ పడాలి?

(2004లో వచ్చిన ‘రోమ్: టోటల్ వార్’ అనే కంప్యూటర్ యుద్ధ ఆటకు ఇద్దరు కలిసి కొత్త పటం గీస్తున్నారు. ప్రాంతాల ఫైలులో ఒక్కో ప్రాంతానికి నగరంగా ఒక నల్ల చుక్క, రేవు ఉంటే ఒక తెల్ల చుక్క. తెల్ల చుక్క నేల మీదే పడాలి, సముద్రాన్ని తాకాలి. పేచీ అంతా దాని గురించే.)

ఆటవాది: ఏథెన్స్ పక్క గడిలోనే రేవు పెట్టేశాను. ఇక రోమ్ చూద్దాం.

చరిత్రవాది: ఆగండి. ఏథెన్స్ రేవు పిరయస్‌కూ నగరానికీ మధ్య ఆరు కిలోమీటర్లు ఉంది. ఆ దారి తెగిపోకూడదనే పొడవాటి జంట గోడలు కట్టుకున్నారు. క్రీ.పూ. 404లో ఏథెన్స్ లొంగిపోయాక స్పార్టా వాటిని పట్టుబట్టి కూల్పించింది. క్రీ.పూ. 87లో రోమన్ సేనాని సుల్లా వచ్చేసరికి నగరాన్నీ రేవునూ విడివిడిగా ముట్టడించవలసి వచ్చింది. మీ పటంలో ఈ కథంతా గల్లంతు.

ఆటవాది: అసలు ఆటలో పటం వెడల్పు 255 గడులు. స్పెయిన్ నుంచి పర్షియా అంచుల దాకా అందులోనే ఇమడాలి. గడికి పదిహేను, ఇరవై కిలోమీటర్లు పడుతుంది. మీ ఆరు కిలోమీటర్లు అందులో సగం కూడా కాదు! న్యాయంగా రెండు చుక్కలూ ఒకే గడిలో పడాలి. అది కుదరదు కాబట్టి పక్కన పెట్టాను. మీరు అడిగినదానికంటే ఎక్కువ దూరమే ఇచ్చాను.

చరిత్రవాది: (కాసేపు లెక్క వేసుకుని) ఏథెన్స్ మీకే వదిలేస్తాను. మరి రోమ్ రేవు ఓస్టియా? రోమ్‌కు పాతిక కిలోమీటర్లు, టైబర్ నది సముద్రంలో కలిసే చోట. మీ లెక్కలోనే ఒక గడి దాటిపోయింది. క్లాడియస్ చక్రవర్తి కొత్త రేవు తవ్వించిందీ ఆ దాపులనే. శత్రు ఓడలు రేవును దిగ్బంధిస్తే సముద్ర వ్యాపారం ఆగిపోతుంది, నగరం గోడ మీద ఒక్క రాయి పడకుండానే. అదీ దానిలోని రుచి. రేవు కోటగుమ్మానికి అంటుకుని ఉంటే, అక్కడ దిగిన సైన్యం రెండడుగుల్లో నగరాన్నే చుట్టుముడుతుంది. రేవును బిగించడం, నగరాన్ని పట్టడం రెండూ ఒకే ఎత్తుగడగా మారిపోతాయి.

ఆటవాది: బాగుంది, కానీ ఓడలు తయారయ్యేది రేవులో, దళాలు పుట్టేది నగరంలో. మధ్యలో మూడు గడులు, ఒక కొండ ఉంటే సైన్యానికి ఒక టర్న్ (ఆటలో తన వంతు) అంతా నడకకే సరి. మనిషి ఓపిక పడతాడు. కంప్యూటర్ అసలే సముద్రం మీద దండెత్తడంలో తడబడుతుంది.

చరిత్రవాది: అయితే కొండ తీసేయండి, రేవును కదపకండి. మధ్యలో ఒక్క గడి ఖాళీ వదిలితే చాలు.

ఆటవాది: సరే, రోమ్‌కు ఒప్పుకున్నాను. ఇక గ్రీసు భూసంధి మీది కొరింథ్ చెప్పండి. పడమటి సింధుశాఖ వైపు లెఖయాన్, తూర్పున కెంఖ్రియై. రేవులు రెండు, మన చేతిలో చుక్క ఒక్కటే.

(ఇది అసలైన చిక్కు. చరిత్ర ఎంత చదివినా ఇక్కడ ఏదో ఒకటి వదులుకోక తప్పదు.)

చరిత్రవాది: లెఖయాన్. సిసిలీలోని సిరక్యూజ్ కొరింథ్ వాళ్ల వలస నగరం. ఆ దారి పడమటిదే.

ఆటవాది: అప్పుడు కొరింథ్ ఓడ ఏథెన్స్ చేరాలంటే దక్షిణ గ్రీసు ద్వీపకల్పం పెలొపొనీసస్ అంతా చుట్టిరావాలి. ఓడలను భూసంధి మీదుగా లాగిన ఆ రాతిబాట, డయోల్కోస్, ఆటలో లేదు.

చరిత్రవాది: చుట్టిరానివ్వండి. ఏథెన్స్‌కు నడిచి వెళ్లే దారి ఎలాగూ ఉంది.

ఆటవాది: పెట్టేశాను. ఆట పటాన్ని దాచుకునే పాత మ్యాప్.ఆర్‌డబ్ల్యూఎం (map.rwm) ఫైలు తొలగించి ఆట తెరవండి. అది ఉన్నంతసేపు మనం ఏ చుక్క మార్చినా కనబడేది పాత పటమే.