పాస్‌వర్డు చదివిన బావగారు

టీవీకి స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి తెచ్చాను. అందరం కలిసి సినిమా చూద్దామని అక్కనూ బావగారినీ పిలిచాను. టీవీని గోడ మీంచి వంచి, వెనక చెయ్యి దూర్చి, కంటికి కనపడని హెచ్‌డీఎంఐ పోర్టును వేళ్ళతో తడిమి స్టిక్కును గుచ్చిన కథ ఇంకోసారి చెబుతాను. దాని కరెంటు కోసం డబ్బాలో అడాప్టరు ఇచ్చారు గానీ గోడకు ప్లగ్గు ఖాళీ లేదు. టీవీకే ఒక యూఎస్‌బీ పోర్టు ఉంటే అందులో తగిలించాను. స్టిక్కు వెలిగింది. ఏ భాష అంది, చెప్పాను. ఏ వైఫై అంది, చూపించాను. పాస్‌వర్డు ఏమిటంది.

హాల్లో అప్పటికి అమ్మ, అక్క, బావగారు, వాళ్ళబ్బాయి, మా ఆవిడ తెరకేసి చూస్తూ కూర్చున్నారు. వాళ్ళబ్బాయికి ఇంగ్లీషు అక్షరాలు కొత్తగా వచ్చాయి. ఆ వయసు పిల్లల ముందు ఏ అక్షరాన్నీ ఊరికే వదలకూడదు. అది పప్పుల డబ్బా మీదున్నా, మందు సీసా మీదున్నా, పైకి చదివితే తప్ప వాళ్ళకు శాంతి ఉండదు.

ఇక పాస్‌వర్డు సంగతి. మా ఇంట్లో వైఫై పెత్తనం మా అమ్మాయిది. పాత పాస్‌వర్డు నా పుట్టినరోజు అని తెలిసిన రోజున నన్ను కూర్చోబెట్టి చరిత్ర పాఠం చెప్పింది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తరఫున 2003లో బిల్ బర్ అనే ఆయన పాస్‌వర్డుల మీద సలహాలు రాశాడట. పెద్ద అక్షరం, అంకె, వంకర గుర్తు కలపాలి, తరచూ మార్చాలి అన్న పోరు అక్కడి నుంచి లోకమంతా పాకిందట. లోకం పద్నాలుగేళ్ళు తల బాదుకున్నాక, 2017లో ఆయనే అందులో చాలా భాగం రాసినందుకు బాధపడుతున్నానన్నాడట. ఆ ఏడాదే నిస్ట్ కూడా మనసు మార్చుకుని, గుర్తుల కంటే పొడవే రక్ష అని తేల్చిందట. "కనుక నాన్నా, నువ్వు జన్మలో మరచిపోలేని వాక్యం ఒకటి చెప్పు" అంది.

ఆ రోజుల్లో నేను మరచిపోలేని విషయం ఒకటే ఉంది. బావగారు విమాన ప్రయాణానికని నా హెడ్‌ఫోన్స్ తీసుకువెళ్ళారు. మామూలువి కావు, బయటి రొదను తగ్గించే రకం. వాటి మీద ఉండే చిన్న మైకులు చుట్టూ ఉన్న మోతను పట్టుకుంటాయి. లోపలి యంత్రాంగం దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని పుట్టిస్తుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఎడతెగకుండా ఒకే తీరున వచ్చే శబ్దాల మీద ఈ విద్య బాగా పనిచేస్తుంది. ఉదాహరణకు విమానం ఇంజను హోరు, "బావగారూ, నా హెడ్‌ఫోన్స్" అనే నా గొంతు.

అందువల్ల అమ్మాయి అడగ్గానే నా నోట వచ్చిన వాక్యం "బావ హెడ్‌ఫోన్స్ ఇవ్వడు". తను దాన్ని మారు మాట్లాడకుండా ఇంగ్లీషు అక్షరాల్లోకి దింపి, ప్రతి మాటకూ మొదట పెద్ద అక్షరం పెట్టి, బిల్ బర్ మీద గౌరవం చావక చివర ఒక గుర్తూ ఒక అంకే తగిలించింది. మొత్తం 22 అక్షరాలు. వైఫై పాస్‌వర్డుకు 63 అక్షరాల దాకా చోటుంటుంది. అంటే నేను ఇంకా చాలా చెప్పగలిగేవాణ్ణే. నిగ్రహించుకున్నాను.

ఈ 22 అక్షరాలనూ ఇప్పుడు, ఆ బావగారి సమక్షంలో, ఇంటిల్లిపాదీ చూస్తుండగా, గోడంత తెర మీద కొట్టాలి.

దారులు వెతకలేదని ఎవరూ అనకూడదు. ఫోనులో ఈ స్టిక్కు తాలూకు యాప్ దించుకుంటే ఫోను మీదే గుట్టుగా కొట్టుకోవచ్చని కాగితంలో ఉంది. దించాను. ఫోనూ స్టిక్కూ ఒకే వైఫైలో ఉంటే తప్ప పనిచేయనంది. ఒకే వైఫైలో ఉంటే నాకు నీతో పనేమిటమ్మా అని అడిగే వీలు ఆ యాప్‌లో ఎక్కడా పెట్టలేదు. రౌటరు వెనక బటను నొక్కితే పాస్‌వర్డు లేకుండానే వస్తువులు కలిసిపోయే డబ్ల్యూపీఎస్ అనే సదుపాయం 2006 నుంచీ ఉంది. దాని పిన్ నంబరు పద్ధతిలో లోపం ఉందని 2011లో బయటపడింది. ఆ కబురు మా అమ్మాయి చెవిన పడ్డ రోజే మా ఇంట్లో పిన్నుతో పాటు బటను కూడా మూతపడింది. తెర మీద పాస్‌వర్డును చుక్కలుగా దాచే కన్ను గుర్తు కనిపిస్తే ఆశగా నొక్కాను. అక్షరాలు చుక్కలయ్యే మాట నిజమే. కానీ నేను ఏ కీ మీద వాలితే ఆ కీ ఉబ్బి, పసుపుపచ్చగా వెలుగుతుంది. పేరును దాచి, ఫొటోను చౌరస్తాలో కట్టడం అన్నమాట.

తెర మీద కీబోర్డు పరిచి, దాన్ని బాణం గుర్తులతో కొట్టుకోండని వదిలేసిన బుర్రకు నా నమస్కారం. ఈ క్వెర్టీ వరుసను 1870లలో క్రిస్టఫర్ షోల్స్ టైపురైటరు కోసం తీర్చిదిద్దాడు, రెండు చేతులున్న మనుషుల కోసం. దాన్నే ఇప్పుడు టీవీ మీద పరిచి, మధ్యలోకి ఒక బొటనవేలిని తోశారు. డీ నుంచి పీకి వెళ్ళాలంటే పైకి ఒకసారి, కుడికి ఏడుసార్లు నొక్కాలి. ఆత్రంలో ఎనిమిదోసారి నొక్కితే చెరిపేసే కీ మీదకు జారతాం.

రిమోట్ అనేది అసలు బద్ధకస్తుల మేలు కోరి పుట్టిన వస్తువు. 1950లో జెనిత్ కంపెనీ అమ్మిన టీవీ రిమోట్‌కు పేరే లేజీ బోన్స్. దానికి టీవీ దాకా వైరు ఉండేది, ఇంట్లో వాళ్ళు ఆ వైరు తట్టుకుని పడేవారు. 1955లో అదే కంపెనీ ఇంజనీరు యూజీన్ పోలీ వెలుతురుతో పనిచేసే ఫ్లాష్‌మాటిక్ తయారుచేశాడు. కిటికీలోంచి ఎండ పడితే చానళ్ళు వాటంతట అవే మారేవి. పడ్డా, మారినా, వాళ్ళ తపనంతా మనిషి కుర్చీలోంచి లేవకూడదనే. ఆశయం నెరవేరింది. ఇవాళ లేచి పారిపోదామన్నా కాళ్ళు రాలేదు.

సరే, మొదలుపెట్టాను.

"బీ" అన్నాడు మేనల్లుడు. "ఏ. వీ. ఏ." ఒక్క క్షణం పెదవులు కదిపి, "బావ!" అని కేక పెట్టాడు.

హాలంతా నవ్వింది. బావగారు వెంటనే నవ్వలేదు. ఆయన ముఖంలో ఏదో కదిలింది. "ఏమోయ్, పాస్‌వర్డులో నన్ను పెట్టుకున్నావా?" అన్నారు, గొంతు కొంచెం తడిగా. అక్క నా వైపు చూసిన చూపు చిన్నప్పుడు నాకు బడిలో బహుమతి వచ్చినప్పటి చూపు. అమ్మ అయితే కళ్ళు ఒత్తుకుంది. మా ఆవిడ మాత్రం, పాస్‌వర్డు తెలిసిన మనిషి కనుక, లోపల ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయింది. ఆ వెళ్ళడం కూడా పరుగులాంటి నడక.

"హెచ్. ఈ. ఏ. డీ. హెడ్!"

"బావ హెడ్" అన్నారు బావగారు, రెండు మాటలనూ కలిపి రుచి చూస్తూ. "అంటే పెద్దదిక్కు అని. నేనెప్పుడూ చెప్పుకోలేదు గానీ, మనసులో అనుకుంటూనే ఉన్నానోయ్." సోఫాలో నిటారుగా సర్దుకున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఆయనకు ఇంత గౌరవం దక్కిన ఘడియ లేదు. నాకు మాత్రం డీ నుంచి పీ దాకా ఉన్న ఏడు అంగల దూరం మిగిలింది.

ఆ దూరాన్ని ఎంత మెల్లగా నడిచానో చెప్పలేను. ఒక్కో కీ మీద ఆగి, రిమోట్‌ను తిప్పి చూసి, బ్యాటరీల మూత తీసి, బ్యాటరీలను వేలితో దొర్లించి, మళ్ళీ మూత పెట్టి ఇంకో అంగ వేశాను. ఎఫ్, జీ, హెచ్ ఉన్న వరుసలోకి కిందకి దిగి "అయ్యో" అని మళ్ళీ పైకొచ్చాను. కరెంటు పోతే బాగుండునని ప్రార్థించాను. ఏనాడూ వేళకు పోని కరెంటు ఇవాళ మాత్రం ఎందుకు పోతుంది? ఎంత మెల్లగా నడిచినా పీ వచ్చింది.

"పీ అంటే ప్రెసిడెంటా?" అన్నారు బావగారు ఉత్సాహంగా.

"హెచ్. ఓ. ఎన్. ఈ. ఎస్." అన్నాడు పిల్లవాడు, కంటి డాక్టరు దగ్గర బోర్డు చదివినట్టు.

నవ్వులు ఆగాయి. బావగారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. బావ, హెడ్‌ఫోన్స్. ఇప్పటివరకూ నేరం రుజువు కాలేదు. "బావ హెడ్‌ఫోన్స్" అంటే బావగారికి హెడ్‌ఫోన్స్ కొనిపెట్టాలి అని కూడా కావచ్చు. కేసంతా క్రియాపదం మీద నిలబడింది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది కనుక చివరిదాకా ఆశ ఉంటుంది.

"ఐ. వీ. వీ. ఏ."

"ఇవ్వ" అంది అక్క.

ఆ తర్వాత హాల్లో జరిగింది వేలంపాట. "ఇవ్వాలి అయ్యుంటుంది" అంది అమ్మ, లోకంలో అందరూ మంచివాళ్ళే అన్న నమ్మకంతో. "ఇవ్వలేదు" అంది అక్క మెల్లగా, మొగుడి వైపు చూడకుండా. "ఇవ్వను అనేమో" అన్నారు బావగారు. నా వస్తువుల మీద నాకున్న పిసినారితనం మొత్తం అందులో పలికించారు. నేను ఏ మీద నిలబడి ఉన్నాను. కుడికి రెండు అంగలు వేస్తే డీ. అది రౌటరు కోరేది. పైకెక్కి కుడికి మూడు వేస్తే ఆర్. అది మర్యాద కోరేది. ఇవ్వడు, ఇవ్వరు. అసలు వాక్యం చెప్పిన రోజున బావగారిని బహువచనంలో అనాలని తోచనేలేదు. కోపంలో ఉన్న మనిషి చేత పాస్‌వర్డు పెట్టించకూడదని ఆ నిస్ట్ వాళ్ళయినా ఒక నియమం రాసి ఉండాల్సింది.

అప్పుడు తెర నల్లబడింది.

దేవుడు ఉన్నాడనుకున్నాను. ఉన్నది యూఎస్‌బీ పోర్టు. పాత ప్రమాణం ప్రకారం అలాంటి పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లే. స్టిక్కుకు కావాల్సింది ఒక ఆంపియరు, అంటే సరిగ్గా రెట్టింపు. కాస్త పని ఎక్కువయ్యేసరికి అది సొమ్మసిల్లి, మళ్ళీ కళ్ళు తెరిచి, బొమ్మ చూపించి, ఏ భాష అంది. ఏ వైఫై అంది. పాస్‌వర్డు ఏమిటంది. కొట్టినవన్నీ పోయాయి. అడాప్టరు పెట్టడానికి దీపం ప్లగ్గు పీకి లేవబోతే, రిమోట్ నా చేతిలో లేదు.

"నువ్వు కంగారు పడుతున్నావు" అన్నారు బావగారు. "నువ్వు చెప్పు, నేను కొడతాను."

చెప్పాను. నోటితో. టీవీ వెనక నిలబడి, అడాప్టరు వైరు పట్టుకుని, ఆయన ముఖం కనపడకుండా ఒక్కో అక్షరం పలికాను. ఆయన బాణాల మీద నాకంటే చురుగ్గా ఉన్నారు. బావ దాటింది, హెడ్‌ఫోన్స్ దాటింది, ఇవ్వ దగ్గరకొచ్చి ఆగింది.

"తర్వాత?"

"ఆర్" అన్నాను. "యూ."

"ఇవ్వరు" అని చదివారు ఆయన. కొంచెం సేపు ఊరుకున్నారు. "పోనీలే, మర్యాదగానే అన్నావు" అన్నారు. గుర్తు, అంకె కొట్టారు. సరే నొక్కారు. చుక్కలు గుండ్రంగా తిరిగాయి. పాస్‌వర్డు తప్పు అని టీవీ ఎర్రటి అక్షరాలతో చెప్పింది.

ఆ ఎర్ర అక్షరాలను కూడా పిల్లవాడు చదివాడు. అది విని, అంతదాకా గదిలోంచి బయటకు రాని మా అమ్మాయి తలుపు తీయకుండానే అరిచింది: "నాన్నా, ఆర్ కాదు, డీ! ఇవ్వడు! నువ్వు చెప్పిందే కదా!"

బావగారు ఒక్క మాట అనలేదు. ఆర్‌ను చెరిపి, డీ దాకా నడిచి, నొక్కారు. ఆ నొక్కడం మిగతా నొక్కుల కంటే గట్టిగా వినిపించింది. ఈసారి వైఫై కలిసింది. కలవగానే స్టిక్కు, ముందు నన్ను నేను నవీకరించుకుంటాను, ఆపవద్దు అంది. ఒక శాతం. సినిమా కోసం వచ్చిన మనుషులందరం ఆ ఒక శాతాన్నే చూస్తూ కూర్చున్నాం. మా ఆవిడ ఇంకా లోపలే ఉంది. రెండు శాతం.

బావగారు జేబులోంచి ఫోను తీసి, మా వైఫై ఎంచుకుని, అడగకుండానే మొత్తం 22 అక్షరాలూ గబగబా కొట్టేసుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ఏమోయ్, ఆ హెడ్‌ఫోన్స్‌కు పాత మైక్రో యూఎస్‌బీ వైరు పడుతుందట. మా ఇంట్లో ఉన్నవన్నీ టైప్ సీ వైర్లే. నీ దగ్గర ఒకటి ఉండాలి కదా, ఇస్తావా?"

ఇచ్చాను.