ఈ పని చేయనని చెప్పే హక్కు బెంగళూరు ఇంజనీరుకు ఉందా?

బెంగళూరు సి.వి.రామన్ నగర్‌లో ఒకవైపు ప్రభుత్వ రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ప్రహరీలు, ఇంకోవైపు బాగ్మనే టెక్ పార్కు అద్దాల మేడలు. సైన్యం కోసం కృత్రిమ మేధ (ఏఐ) మీద పనిచేసే డీఆర్‌డీఓ ప్రయోగశాల 'కెయిర్' 1986 నుంచీ ఈ ఊళ్లోనే ఉంది. 35 ఏళ్లు దాటని శాస్త్రవేత్తలే నడపాలంటూ 2020 జనవరిలో ప్రధాని ప్రారంభించిన యువ ప్రయోగశాలల్లో ఏఐది కూడా ఈ ఊరికే దక్కింది. రక్షణలో ఏఐ వాడకం మీద 2018లో వేసిన చంద్రశేఖరన్ కమిటీ, 2019 నాటి రక్షణ ఏఐ మండలి, ఏటా 100 కోట్ల కేటాయింపు, 2022 జులైలో ఒకేసారి విడుదల చేసిన 75 ఏఐ ఉత్పత్తులు, ఇవన్నీ అదే దారిలో పడిన అడుగులు. ఏఐ చదివిన పిల్లలు సైన్యానికి కావాలి. ఎందుకు కావాలో నాకు అర్థమవుతోంది. వాళ్లని ఏ షరతుల మీద తీసుకుంటున్నారన్నదే నా తగువు.

నాకు తెలిసిన ఒంగోలు వైపు కుర్రాడొకడు ఇక్కడో స్టార్టప్‌లో చేరాడు. ఆకాశం నుంచి తీసిన వీడియోల్లో మనుషుల్ని, బళ్లని గుర్తుపట్టే ఏఐ మోడల్‌కి శిక్షణ ఇవ్వడం అతని పని. అది ఎవరి కోసమో ఆఫర్ లెటర్‌లో లేదు. సైన్యం కోసమని ఎనిమిది నెలలకి క్యాంటీన్ కబుర్లలో తెలిసింది. మారతహళ్లిలో మెస్‌లో భోంచేస్తూ, పళ్లెం అంచున అన్నం మెతుకులు వరసగా పేర్చి చూపించాడు. "ఇదుగో అన్నా, వంగి ఉన్న మనుషులు. వరసలో కదులుతున్నారు. మోడల్ దీన్ని అనుమానాస్పద గుంపు అంటంది. మా అమ్మావాళ్లు నాట్లేసేటప్పుడు పైనుంచి చూస్తే ఇట్టానే కనపడతారు గదా!" మేనేజర్‌కి చెబితే, యాక్యురసీ శాతం బాగానే ఉంది, మిగతాది మనకెందుకన్నాడట. కుర్రాడు రాజీనామా చేశాడు. కారణం అడిగిన ఫారంలో మంచి జీతం, పైచదువు, ఊరు మారడం, వ్యక్తిగతం అనే గడులే ఉన్నాయి. 'వ్యక్తిగతం' దగ్గర టిక్కు పెట్టి బయటికొచ్చాడు.

ఆ లోపం ఇప్పుడు ఎవరికి తెలుసు? నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఇది.

సరిహద్దులో చైనా ఉందని, 2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో డ్రోన్ల గుంపులు మన ఆకాశంలోకి వచ్చాయని, మనం చేతులు ముడుచుకుంటే పక్కవాడు ముడుచుకోడని అంటారు. నిజమే. నేనూ కాదనను. అయితే నాట్లేసే ఆడవాళ్లకీ శత్రువులకీ తేడా తెలియని యంత్రం చేతికిస్తే మొదట దెబ్బతినేది దాన్ని నమ్ముకున్న జవానే. ఆ తప్పు పట్టగలిగేది దాన్ని తయారు చేసినవాడు. వాడి నోరు కట్టేసి దేశభద్రత అంటే ఎలా?

సైన్యం డబ్బు ముట్టుకుంటేనే పాపమని నేననడం లేదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు 1994లో అందుకున్న మన రాజ్ రెడ్డి గారు, మనిషి మాటని కంప్యూటర్ గుర్తుపట్టేలా చేసిన పరిశోధనకి 1970లలో డబ్బు పెట్టింది అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థే. 1976 నాటికి వాళ్లు తయారు చేసిన 'హార్పీ' వ్యవస్థ 1,011 పదాలు గుర్తుపట్టేది. ఎలా గుర్తుపట్టిందో, ఎక్కడ తడబడిందో పత్రాల్లో అచ్చయింది. ఎవరైనా చదవొచ్చు, తప్పు పట్టొచ్చు. మన దగ్గరో? సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూల్లో డీఆర్‌డీఓ ఉంది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప మరేదీ బయటివాడు అడగడానికి లేదు. మనిషి ప్రమేయం లేకుండా చంపే ఆయుధాల సమస్యని తక్షణం పట్టించుకోవాలన్న ఐక్యరాజ్యసమితి తీర్మానానికి 2023 డిసెంబరులో 152 దేశాలు ఔనన్నాయి. కాదన్న నాలుగింటిలో మనం ఒకరం. ఇలా బయటి తలుపులన్నీ మూసుకున్నాక మిగిలేది లోపలున్న మనిషి ఒక్కడే.

2018లో అమెరికా సైన్యం డ్రోన్ వీడియోల ప్రాజెక్టు 'మావెన్'కి తమ కంపెనీ పనిచేయొద్దంటూ గూగుల్ ఉద్యోగులు 3,000 మందికి పైగా ఒక లేఖ మీద సంతకాలు పెట్టారు. కంపెనీ ఆ కాంట్రాక్టు పొడిగించుకోలేదు. 2025 ఫిబ్రవరిలో ఆయుధాల జోలికి పోమన్న మాటను గూగుల్ తన సూత్రాల్లోంచి తీసేసింది. అదే ఏడాది జూన్‌లో మెటా, ఓపెన్‌ఏఐ, పలాంటిర్ అనే టెక్ కంపెనీల పెద్దలు అమెరికా ఆర్మీ రిజర్వ్‌లో లెఫ్టినెంట్ కల్నల్ హోదా పుచ్చుకున్నారు. గాలి అంతలా మారినా, ఆనాటి సంతకాలు గూగుల్‌ని ఆ ప్రాజెక్టు నుంచి తప్పించిన మాట చెరిగిపోదు. బెంగళూరులో అలాంటి లేఖ ఊహించగలమా?

అసలు విషయం ఇక్కడుంది. స్టాండింగ్ ఆర్డర్లంటే పనివేళలు, సెలవులు, క్రమశిక్షణ, తొలగింపు, ఫిర్యాదు దారి, అన్నీ రాతపూర్వకంగా ఉండి కార్మిక శాఖ ఆమోదించిన నిబంధనలు. ఫ్యాక్టరీలో ఫిట్టర్‌కి 1946 చట్టం ఇచ్చిన రక్షణ అది. ఐటీ కంపెనీలకి కర్ణాటక దాన్నుంచి ఏళ్ల తరబడి మినహాయింపు ఇస్తూ వచ్చి, 2024 జూన్‌లో మరో ఐదేళ్లు పొడిగించింది. ఉద్యోగుల సంఘం అడ్డం తిరిగినా వినలేదు. 2025 నవంబరులో పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి. మినహాయించే అధికారం అందులోనూ సర్కారు చేతిలోనే ఉంది. స్టాండింగ్ ఆర్డర్లలో మనస్సాక్షి గురించి ఏమీ రాసి ఉండదు, నాకు తెలుసు. కానీ కార్మిక శాఖ ఆమోదించిన ఆ రాత రక్షణ లేనివాడు, ఎప్పుడు తీసేస్తారోనని భయపడేవాడు, సైన్యం పని మీద సందేహం ఉందని ఏ ధైర్యంతో అంటాడు? హోమ్ లోన్ ఈఎంఐ ఐదో తారీఖున కట్ అవుతుంది. ఊళ్లో నాన్న ఫోన్ చేసి "ఉద్యోగం జాగ్రత్తరా" అంటాడు. మన పిల్లల్ని లక్షలు పోసి ఇంజనీరింగ్ చదివించి, ఒక్క ప్రశ్న అడిగే వీలు కూడా లేకుండా పంపుతున్నాం. ఇది ఏఐకి ముందునుంచీ ఉన్న జబ్బే. ఇప్పుడు దాని చేతికి డ్రోన్ వచ్చింది.

రక్షణ శాఖ డబ్బుతో నడిచే ప్రతి ఏఐ కాంట్రాక్టులో మూడు వాక్యాలు రాయాలి. పని ఎవరి కోసమో చేరేముందే ఇంజనీరుకి చెప్పాలి. మోడల్ తప్పు చేస్తోందని అతను రాసిచ్చిన కాగితం మేనేజర్ బల్ల మీద ఆగిపోకుండా దాన్ని వాడే యూనిట్ దాకా వెళ్లాలి. వద్దన్నవాడికి అదే కంపెనీలో వేరే పని ఇవ్వాలి. కర్ణాటక కార్మిక శాఖ ఐటీకి ఇచ్చే మినహాయింపుల్లోంచి సైనిక పనులు చేసే కంపెనీలని ఈరోజే తప్పించవచ్చు. దానికి పార్లమెంటు అక్కర్లేదు, ఒక్క నోటిఫికేషన్ చాలు.